లారీలో గీరుకుపోయిన నాన్న సైకిలు: టచప్ చాలా, మొత్తం రంగు వేయించాలా?

తెనాలి_టు_కూకట్‌పల్లి
గత నెలాఖర్లో అమ్మానాన్నల్ని తెనాలి నుంచి మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. సామానంతా మినీ లారీలో వేశారు. నాన్న సైకిలుని బీరువాకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య నిలబెట్టి తాడు కట్టారు. దుప్పటి చుట్టమని పదిసార్లు చెప్పాను, చుట్టామనే అన్నారు. ఇక్కడ దించేటప్పుడు చూస్తే దుప్పటి బీరువాకి చుట్టి ఉంది.

సైకిలు 24 అంగుళాల ఫ్రేము, రాడ్ బ్రేకులు, నల్లరంగు, దాని మీద సన్నటి బంగారు గీతలు. నాన్న బడిపంతులు. ఊరి నుంచి బడికి తొమ్మిది కిలోమీటర్లు, రిటైరయ్యేదాకా దీని మీదే వెళ్ళొచ్చారు.

ఫొటో పెట్టాను, దెబ్బలు ఇవీ: పై కడ్డీకి కుడివైపు జానెడు పొడవున గీత, లోపల ఇనుము కనబడుతోంది. కింది కడ్డీ మీద నాలుగైదు చోట్ల పెచ్చులు లేచాయి. ముందు మడ్‌గార్డు కొసన సొట్ట. చైన్ కవర్ అంచంతా గీరుకుపోయింది. వారం రోజుల వానకి జానెడు గీతలో అప్పుడే ఎర్రగా తుప్పు మొదలైంది.

ఇవి కాక పాత మచ్చలు కూడా ఉన్నాయి. పై కడ్డీ మీద రెండు చోట్ల రంగు పూర్తిగా అరిగిపోయి ఉంటుంది. చిన్నప్పుడు నా కోసం బిగించిన పిల్లల సీటు క్లాంపులవి.

నాన్నకి 77. ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున్నే పేపరు చదవడం అయ్యాక బాల్కనీలోకి వెళ్ళి, ఆ గీత మీద వేలితో ఒకసారి రాసి వస్తున్నారు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మా వీధి చివర షాపువాడిని అడిగితే "మొత్తం గీకేసి పౌడర్ కోటింగ్ కొట్టిద్దాం సార్, కొత్తదానిలా వస్తుంది" అన్నాడు. కొత్తదానిలా వస్తుందనే నా భయం. ఏం చేయమంటారు?

బెల్లులేనిబండి
బీరువాకి గీత పడలేదు కదా. ప్యాకింగ్ వాళ్ళు వాళ్ళ పని బాగానే చేశారు.

రెడ్ఆక్సైడ్_రావు
పౌడర్ కోటింగ్ సంగతి తర్వాత, ముందు తుప్పు సంగతి చూడండి. పన్నెండేళ్ళు కార్ల షెడ్డులో పెయింటింగ్ చేసినవాణ్ణి, చెప్తాను.

గీతలన్నీ ఒకటి కాదు. గోటిని గీతకి అడ్డంగా పోనిచ్చి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతే పైమెరుపు మాత్రమే పోయినట్టు. మెత్తటి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండు రుద్దితే చాలావరకు మాయమవుతుంది. గోరు తట్టుకుంటే రంగు తెగినట్టు. లోపల ఇనుము మెరుస్తున్నా, ఎర్రబడినా అక్కడే అసలు పని.

సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. సందుల్లో ఏళ్ళ నాటి జిడ్డు ఉంటుంది కాబట్టి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆ కిరసనాయిలు కూడా పోయేలా టర్పెంటాయిల్‌తో ఇంకోసారి తుడవండి. జిడ్డు మీద వేసిన రంగు నెల తిరక్కుండా ఊడుతుంది. తర్వాత 400 నంబరు వాటర్ పేపరు చిన్న ముక్క నీళ్ళలో ముంచి, తుప్పు పోయేదాకా గీత మీద మాత్రమే రుద్దండి. దాని తర్వాత 800తో చుట్టూ ఉన్న రంగు అంచులు పల్చబడేదాకా. ఈ రెండో పని ఎవరూ సరిగ్గా చేయరు. అంచు మెట్టులా ఉండిపోతే పైన ఎన్ని పూతలు వేసినా మెట్టు కనబడుతూనే ఉంటుంది.

బాగా తుడిచి, ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంటే దాంతో ఆరబెట్టి, అదే గంటలో రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (తుప్పు పట్టకుండా రంగు కింద వేసే ఎర్రటి పూత) పట్టించండి. ఈ వానల్లో రేపు చూద్దాంలే అంటే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. ప్రైమర్ ఒక రాత్రంతా ఆరాక రంగు. గీతకి బ్రష్ లావు. అగ్గిపుల్ల కొస కాస్త నలగ్గొట్టి దాంతో అద్దండి. ఒకేసారి నింపేయాలని చూడకండి, రోజుకో పల్చటి పూత, మూడు నాలుగు రోజులు. చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చాక ఆపి, రెండు వారాలు దాన్ని ముట్టుకోకండి. అప్పుడు 1500, ఆ తర్వాత 2000 నీళ్ళ పేపరు, చివర కాంపౌండు.

పంచరుబాబు
@రెడ్ఆక్సైడ్_రావు అన్నా, కిరసనాయిలు చూసి ఎన్నేళ్ళయిందో. రేషన్ కార్డు తీసుకుని రమ్మంటావా?

రెడ్ఆక్సైడ్_రావు
అలవాటు కొద్దీ రాశాను. టర్పెంటాయిల్ ఒక్కటీ చాలు.

ఓరుగల్లు_రైడర్
నేను ఒప్పుకోను. అగ్గిపుల్లతో అద్దిన రంగు దగ్గరికొచ్చి చూస్తే తెలిసిపోతుంది. రెండేళ్ళ క్రితం మా మామయ్య సైకిలుకి పౌడర్ కోటింగ్ చేయించాను. రంగు పొడిని కరెంటు చార్జీతో ఇనుముకి అంటుకునేలా చల్లి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల్లో కాలుస్తారు. గట్టిదనంలో మామూలు ఎనామిల్ దాని దరిదాపుల్లోకి రాదు. ఇప్పటికీ తాళం గొలుసు తగిలినా గీత పడలేదు.

రాజమండ్రి_రాడ్‌బ్రేకు
@ఓరుగల్లు_రైడర్ గట్టిదే, ఎవరు కాదన్నారు? కానీ దానికి ముందు ఇసుకతో కొట్టి పాత రంగంతా ఊడగొడతారు కదా. ఆ బంగారు గీతలు, తలగొట్టం మీద కంపెనీ బొమ్మ, ఇరుసు డబ్బా కింద నంబరు, అన్నీ పోతాయి. నంబరు పోదు గానీ మందపాటి పొర కింద చదవడానికి రాదు. పాత సైకిళ్ళు పోగేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా: అసలు రంగు ఒక్కసారే ఉంటుంది. కంపెనీ వేసిన రంగుకి ఉన్న విలువ నువ్వు వేసే ఏ రంగుకీ రాదు. మీ ఫొటోలో ఆ బంగారు గీతలు చూశాను, స్పష్టంగా కంపెనీ పనే. ముట్టుకోకండి.

ఓరుగల్లు_రైడర్
అమ్మడానికి కాదు కదా ఆయన అడిగింది, విలువెందుకు?

రాజమండ్రి_రాడ్‌బ్రేకు
విలువంటే రూపాయలేనా?

బెల్లులేనిబండి
మొదలైంది. టీ పెట్టుకొస్తా.

రెడ్ఆక్సైడ్_రావు
పౌడర్ కోటింగ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. మడ్‌గార్డు సొట్టకి లప్పం పెట్టి సాపు చేద్దామనుకుంటే కుదరదు, మామూలు లప్పం ఆ వేడికి ఆగదు. సొట్టని వెనక నుంచి తట్టి తీయాల్సిందే. పైగా పని తెలియనివాడి చేతిలో పెడితే ఇరుసు మరలు, హ్యాండిలు కప్పులు మూయకుండా చల్లేస్తాడు. తర్వాత బిగించేటప్పుడు మెకానిక్ మనల్ని తిడతాడు.

ఓరుగల్లు_రైడర్
ఆ మాట మాత్రం నిజం. మామయ్య సైకిలుకి ఇరుసు మరల్లో పొడి కాలి గట్టిపడింది. మళ్ళీ మర కోయించడానికి సగం రోజు పట్టింది. ముందే చెప్పనందుకు క్షమించాలి, ఓడిపోతానని చెప్పలేదు.

కెమిస్ట్రీ_మేష్టారు
రంగులో సీసం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంటే ఆ సైకిలు మీద ఉన్న పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం బాగానే ఉంది. పొడిగా గీకకండి, గ్రైండరు అసలే పెట్టకండి. రావు గారు చెప్పినట్టు నీళ్ళతో రుద్దితే దుమ్ము గాల్లోకి లేవదు. మాస్కు పెట్టుకోండి. ఆ నీళ్ళు తులసికోటలో పోయకండి. గుడ్డలు పారేయండి. చిన్నపిల్లలుంటే ఆ పూట బాల్కనీ తలుపు వేసి ఉంచండి.

తెనాలి_టు_కూకట్‌పల్లి
మేష్టారూ, మంచి మాట చెప్పారు. మా రెండేళ్ళ దానికి ఆ సైకిలు పెడలు తిప్పడమే ఆట. వాటర్ పేపర్లు, ప్రైమర్ రాణీగంజ్ నుంచి తెస్తున్నాను ఆదివారం.

ఒక సందేహం. మా ఆవిడ దగ్గర నల్ల నెయిల్ పాలిష్ ఉంది. దాని కుంచె కూడా సన్నగా ఉంది. అది పెడితే?

నీలిరంగు_లేడీబర్డ్
నేను పెట్టాను. నా నీలం సైకిలుకి అదే రంగు నెయిల్ పాలిష్ కోసం నాలుగు ఫ్యాన్సీ షాపులు తిరిగాను. మూడు రాళ్ళ దెబ్బలకి పెట్టా, ఏడాది దాటినా ఉంది. షాపులో అబ్బాయి "అక్కా, ఏ చీర మీదకి?" అన్నాడు. సైకిలు మీదకి అంటే నమ్మలేదు.

కెమిస్ట్రీ_మేష్టారు
పెసరగింజంత పెచ్చుకి ఫరవాలేదు. నెయిల్ పాలిష్ అంటే నైట్రోసెల్యులోజ్, అదీ త్వరగా ఆరే ద్రావకాల్లో. జానెడు గీతకి మాత్రం వద్దు. ఇనుము మీద నేరుగా పెడితే కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, పైకి నల్లగా మెరుస్తూ ఉంటుంది.

వైజాగ్_ఉప్పుగాలి
మీకు తుప్పు వారానికి వచ్చింది, మాకు బీచ్ రోడ్డులో ఒక్క ఆదివారం తొక్కొస్తే సోమవారానికి వస్తుంది. నాది అల్యూమినియం ఫ్రేము. దానికి ఎర్ర తుప్పు రాదని మురిసిపోకండి. పెచ్చు లేచిన చోట నుంచి రంగు కింద తెల్లటి పురుగు పాకినట్టు సన్నటి గీతలుగా పోతుంది. దానికి రెడ్ ఆక్సైడ్ పనిచేయదు, అల్యూమినియానికని విడిగా ఎచ్ ప్రైమర్ అమ్ముతారు, అదే వేయాలి. నాకు ఇది తెలిసేలోపు రెండు టచప్‌లు పెచ్చులుగా చేతికొచ్చాయి.

కార్బన్_కిట్టు
కొంచెం పక్కదారి. గీత వేరు, పగులు వేరు, అది ఎలా చూడాలి? గత వారం అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మీద ఒకాయన నా బండిని స్టాండుతో సహా పడేశాడు. సారీ బ్రో అని వెళ్ళిపోయాడు. కార్బన్ ఫ్రేము. సీటు గొట్టం దగ్గర నాలుగు సెంటీమీటర్ల సన్నటి గీత.

రెడ్ఆక్సైడ్_రావు
కార్బన్ నా సబ్జెక్టు కాదు. ఇనుము వరకు చెప్తా: రంగులో వెంట్రుకలాంటి గీత ఉండి, దాని వెంబడి తుప్పునీరు సన్నగా కారుతుంటే అది ఇనుములో పగులు. ముఖ్యంగా అతుకుల దగ్గర. అక్కడ రంగు కాదు, వెల్డరు కావాలి.

వైజాగ్_ఉప్పుగాలి
@కార్బన్_కిట్టు రూపాయి నాణెంతో గీత చుట్టూ మెల్లగా కొడుతూ రండి. బాగున్న చోట టక్కుమంటుంది, లోపల పొరలు విడిపోయిన చోట మొద్దుగా వినిపిస్తుంది. ఇది అనుమానం రావడానికే గానీ, బాగుందని తేల్చుకోవడానికి కాదు. తెలిసినవాళ్ళకి చూపించేదాకా తొక్కకండి. రంగు తీసే రసాయనం మాత్రం కార్బన్ దగ్గరికి రానీయకండి, రంగుతో పాటు లోపల పొరల్ని పట్టి ఉంచే రెసిన్‌ని కూడా తింటుంది.

కార్బన్_కిట్టు
కొట్టాను. ఒక చోట మొద్దుగానే ఉంది. టెన్షన్ మొదలైంది. రేపు పొద్దున షాపుకి.

పెడన_కరక్కాయ
తుప్పు మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి ఒకటి. కలంకారీలో నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. ఆ నీళ్ళని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దగానే నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న టానిన్, ఇనుము కలిసి చేసే పని అది. బజార్లో అమ్మే రస్ట్ కన్వర్టర్లలో కొన్నింటిది ఇదే కిటుకు. టానిక్ ఆమ్లం తుప్పుని నల్లటి పొరగా మార్చేస్తుంది, దాని మీద రంగు వేసుకోవచ్చు. పేపరు దూరని మూలల్లో, లగ్గుల (గొట్టాల్ని కలిపే అతుకుల) సందుల్లో తుప్పుకి బాగా పనికొస్తుంది.

మా తాత మగ్గం ఇనుప ముక్కలకి కరక్కాయ కషాయమే పూసేవాడు. ఎవరు చెప్పారో ఏమో.

పంచరుబాబు
నల్ల సైకిలు, నల్ల తుప్పు. ఇక రంగెందుకు, కరక్కాయ పూసేస్తే సరి.

కెమిస్ట్రీ_మేష్టారు
@పెడన_కరక్కాయ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, తుప్పుకి ఈ ఉదాహరణ ఒక్కసారీ తట్టలేదు. @పంచరుబాబు ఆ నల్లపొర ఒక్కటే వానకి ఆగదు, పైన రంగు ఉండాల్సిందే.

డల్లాస్_బాబాయ్
హ్యాండిలు బారుకీ రిమ్ములకీ క్రోమ్ ఉంది కదా? దానికి ఇవేమీ వద్దు. వంటింట్లో అల్యూమినియం ఫాయిలు ఉండచేసి, నీళ్ళలో ముంచి తుప్పు చుక్కల మీద రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం వాడొద్దు. నేను వాడి చూశాను, ఇప్పుడా బారులో నా మొహం మసక మసగ్గా కనిపిస్తుంది.

ఇక్కడ నా గరాజ్‌లో మా నాన్న సైకిలు బెల్లు ఒకటే ఉంది. సైకిలు ఊళ్ళోనే ఎవరికో ఇచ్చేశారు, నన్ను అడగలేదు. కాబట్టి రంగు ఎలా వేసినా సరే, మీకు సైకిలు ఉంది.

బెల్లులేనిబండి
బాబాయ్, మీ దగ్గర బెల్లుంది, నా దగ్గర బండి ఉంది.

తెనాలి_టు_కూకట్‌పల్లి
చిన్న ప్రమాదం జరిగింది. ఆదివారం రాణీగంజ్ వెళ్ళే ఓపిక లేక, దగ్గర్లోని కార్ల సామాన్ల షాపులో నల్ల స్ప్రే డబ్బా తెచ్చాను. ముందు ఎవరికీ కనబడని చోట చూద్దామని పెడల్ ఇరుసు కింద చిన్నగా కొట్టాను. రెండు నిమిషాల్లో కింద ఉన్న పాత రంగు పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. భయమేసి గుడ్డతో తుడిస్తే ముడతలన్నీ గుడ్డకే వచ్చేశాయి. నాన్న వెనక నిలబడి చూస్తున్నారు. అప్పుడూ ఏమీ అనలేదు.

రెడ్ఆక్సైడ్_రావు
అగ్గిపుల్ల అని ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసిందా? ఘాటు టిన్నరున్న స్ప్రేని పాత సింథటిక్ ఎనామిల్ మీద కొడితే ఇలాగే అవుతుంది. టిన్నరు కిందికి దిగి పాత రంగుని మెత్తబరిచి లేపుతుంది. మీరు వాడాల్సింది సింథటిక్ ఎనామిలే, హార్డ్‌వేర్ షాపులో చిన్న డబ్బా దొరుకుతుంది, టర్పెంటాయిల్‌తో పల్చన చేసుకోవాలి. మూల చూసుకుని కొట్టారు కాబట్టి బతికిపోయారు.

అయితే నాకు ఇంకో అనుమానం వస్తోంది. కంపెనీలో ఓవెన్‌లో కాల్చిన ఎనామిల్ అంత తేలిగ్గా లేవదు. మీ సైకిలుకి ఎవరో ఇంటి దగ్గర బ్రష్‌తో రంగేశారు. ముడతలు వచ్చిన చోట అడుగున ఏ రంగుందో చూడండి.

రాజమండ్రి_రాడ్‌బ్రేకు
అసాధ్యం. ఆ గీతలు చూశారా మీరు?

తెనాలి_టు_కూకట్‌పల్లి
రావు గారూ, మీకు దండం. 800 పేపరు పెట్టి నీళ్ళతో రూపాయి బిళ్ళంత చోటు మెల్లగా రుద్దాను. చెట్టు అడ్డంగా కోస్తే వలయాలు కనబడినట్టు వచ్చాయి. నలుపు, దాని కింద కాస్త మట్టి నలుపు, మళ్ళీ నలుపు, ఒక సన్నటి ఎర్ర పొర. దాని కింద... ఆకుపచ్చ. సీసాకుండే ముదురాకుపచ్చ. అద్దంలా మెరుస్తోంది.

నీలిరంగు_లేడీబర్డ్
ఆకుపచ్చా!!

ఓరుగల్లు_రైడర్
@రాజమండ్రి_రాడ్‌బ్రేకు "అసలు రంగు ఒక్కసారే ఉంటుంది" అన్నారు కదా. మరి ఇప్పుడు ఏది అసలు?

రాజమండ్రి_రాడ్‌బ్రేకు
ఆగండి, ఆలోచించనీయండి.

తెనాలి_టు_కూకట్‌పల్లి
నాన్నని అడిగాను. "ఏదో ఉంది లే" అన్నారు. వంటింట్లోంచి అమ్మ నవ్వడం వినబడింది. కథంతా అమ్మే చెప్పింది.

ఈ సైకిలు మా ఊరి కరణంగారిది. 1984లో రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థ తీసేసింది కదా, ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన సైకిలు అమ్మకానికి పెడితే నాన్న కొన్నారు. అప్పుడది ఆకుపచ్చ. ఇక నాన్న దాని మీద ఎక్కడికెళ్ళినా "అదిగో, కరణంగారి సైకిలు వస్తోంది" అనేవాళ్ళట. బడిలో పిల్లలు కూడా. ఒక వేసవి సెలవుల్లో నాన్న పెరట్లో కూర్చుని మొత్తం విప్పి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, నల్లరంగు వేసుకున్నారు. సెలవులయ్యాక బడికెళ్తే "కరణంగారి సైకిలుకి నల్లరంగు వేశారేం మాస్టారూ" అన్నారట.

ఆపైన ఏటా దసరాకి ఆయుధ పూజ ముందురోజు, ఎక్కడ గీరుకుంటే అక్కడ ఒక పూత. నేను రుద్దితే కనబడిన వలయాలు అవీ.

బంగారు గీతలు కంపెనీవి కావు. బడి గోడ మీద సూక్తులు రాయడానికి వచ్చిన బోర్డుల పెయింటరు, డబ్బాలో మిగిలిన బంగారు రంగు పారబోయడమెందుకని గీసి ఇచ్చాడట. మజ్జిగ ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

రాజమండ్రి_రాడ్‌బ్రేకు
నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఫొటో పెద్దది చేసి చూస్తే గీత ఒక చోట సన్నం, లగ్గు మలుపు దగ్గర లావు. చేతి గీతే. అంత పొడవున చెయ్యి వణక్కుండా లాగాడంటే మామూలు పెయింటరు కాదు. ముట్టుకోకండి అనే మాట మాత్రం వెనక్కి తీసుకోను.

బెల్లులేనిబండి
"కంపెనీ పనే, స్పష్టంగా." ఈ ముక్క ఫ్రేము కట్టించి పెట్టుకుంటా.

ఓరుగల్లు_రైడర్
ఇప్పుడు చెప్పండి, నలుపంతా తీసేసి ఆ ఆకుపచ్చని బయటికి తెద్దామా? ఓపిగ్గా రుద్దితే వస్తుంది. నాకైతే చేతులు దురదపెడుతున్నాయి.

రెడ్ఆక్సైడ్_రావు
రాదు. పచ్చ మీద ప్రైమర్ పట్టాలని అప్పుడే ఆయన గరుకు పేపరుతో అంతా గీసి ఉంటారు. ఒక చోట అద్దంలా దొరికిందని అంతటా అలా ఉండదు. ఆ నలుపు తీయడం మొదలుపెడితే బంగారు గీతలు కూడా పోతాయి, ఆ సంగతి మర్చిపోకండి.

పెడన_కరక్కాయ
పెద్దాయనది కదా సైకిలు, ఆయన్ని అడిగారా?

తెనాలి_టు_కూకట్‌పల్లి
అడిగాను. పచ్చ రంగు వేయిద్దామా నాన్నా అని. వచ్చిన నెలలో ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదటిసారి. "నలుపే వెయ్యి. ఈ వయసులో మళ్ళీ కరణంగారి సైకిలు అనిపించుకోలేను."

కూకట్‌పల్లిలో కరణంగారు ఎవరికి తెలుసు నాన్నా అన్నాను. "నాకు తెలుసు" అన్నారు.

డల్లాస్_బాబాయ్
కేసు కొట్టేశారు.

కెమిస్ట్రీ_మేష్టారు
నేనూ పంతులునే, ఆయన బాధ నాకు అర్థమవుతుంది. నేను కొన్న స్కూటరుని ఇప్పటికీ మా కాలనీలో డాక్టరుగారి బండి అంటారు.

రాజమండ్రి_రాడ్‌బ్రేకు
బంగారు గీత తెగిన చోట ఏం చేస్తున్నారు? రేడియం స్టిక్కర్ల షాపులో బంగారు రంగు పట్టీ సన్నగా కోసి ఇస్తారు గానీ, చేతి గీత పక్కన అది అతికించినట్టు తెలిసిపోతుంది. బంగారు రంగు డబ్బా కొని వేస్తే, అందులో ఉండేది ఇత్తడి పొడి కాబట్టి గాలి తగిలి కొన్నాళ్ళకి మట్టిరంగుకి తిరుగుతుంది. నిజానికి అదే మేలు. పాత గీత కూడా అలాగే తిరిగి ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. దాని మీద వార్నిష్ వేయకండి.

తెనాలి_టు_కూకట్‌పల్లి
అలాగే. ఈసారి బుద్ధిగా రాణీగంజ్ వెళ్ళి 400, 800 పేపర్లు, చిన్న రెడ్ ఆక్సైడ్ డబ్బా, నల్ల సింథటిక్ ఎనామిల్, టర్పెంటాయిల్ తెచ్చాను. 1500, 2000 చివర్లో కదా, అప్పుడు చూసుకుంటా. జానెడు గీతకి ప్రైమర్ అయింది.

ఒక్క దగ్గరే ఆగాను. సీటు క్లాంపుల మచ్చలకి కూడా పూసేయాలా? ఎప్పుడూ తుప్పు పట్టలేదు, ఇనుము నున్నగా గోధుమరంగులో ఉంది.

రెడ్ఆక్సైడ్_రావు
చేతులు, బట్టలు తగిలి తగిలి నున్నబడ్డ ఇనుము అది. కాస్త జిడ్డు ఇంకి ఉంటుంది. ఇష్టమైతే అలాగే వదిలేసి నెలకోసారి ఒక చుక్క కొబ్బరినూనెతో తుడవండి. వానలో మాత్రం బయట పెట్టకండి.

నీలిరంగు_లేడీబర్డ్
వదిలేయండి. అక్కడే కదా మీ అమ్మాయికి సీటు బిగించేది.

తెనాలి_టు_కూకట్‌పల్లి
ఆ ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అమ్మ అటక మీద వెతుకుతోంది ఇప్పుడు, పాత సీటు ఆ లారీలోనే వచ్చిందట.

ఓరుగల్లు_రైడర్
దొరికితే క్లాంపు కింద పాత ట్యూబు ముక్క చుట్టండి, మళ్ళీ గీరుకోదు. చైన్ పక్క కడ్డీకి కూడా అదే. పౌడర్ కోటింగ్ వాణ్ణి అయినా ఈ మాట మాత్రం వినండి.

కార్బన్_కిట్టు
నా సంగతి ఎవరూ అడగట్లేదు గానీ, షాపులో చూశారు. పగులేనట. లోపల పొర విడిపోయింది, రిపేరుకి పంపించారు. @వైజాగ్_ఉప్పుగాలి రూపాయి బిళ్ళ నన్ను కాపాడింది.

వైజాగ్_ఉప్పుగాలి
హమ్మయ్య. ఆ బిళ్ళ దాచుకోండి.

రెడ్ఆక్సైడ్_రావు
@తెనాలి_టు_కూకట్‌పల్లి రెండో పూత పడిందా? ఆరేదాకా ఎండలో పెట్టకండి, బొబ్బలొస్తాయి. దుమ్ము కూడా వాలకూడదు.

తెనాలి_టు_కూకట్‌పల్లి
పడింది. నేను వేయలేదు. అగ్గిపుల్ల నా చేతిలోంచి లాక్కుని నాన్నే వేశారు. నేను సొట్ట దగ్గర అట్ట పట్టుకుని నిలబడ్డాను. నా చేతికంటే ఆయన చెయ్యే వణకడం లేదు.

ఇప్పుడు బాల్కనీలో దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, చేతిలో పేపరు మడిచి పట్టుకుని. ఈగ వాలితే కొట్టడానికట.